లెక్క కుదిరేదాకా రాకెట్టు కదలదు

సింగపూర్ బుకిట్ పంజాంగ్‌లోని ఆ అపార్టుమెంటు బ్లాకు లిఫ్టులో ఒక పలక ఉంటుంది: పదమూడుమంది మనుషులు, ఎనిమిది వందల ఎనభై అయిదు కిలోలు. దాన్ని ఎవరూ చదవరు. తొమ్మిదో అంతస్తు రాజమ్మ మాత్రం ఎక్కినప్పుడల్లా చదువుతుంది. చదివి, చుట్టూ ఉన్నవాళ్ళను పైనుంచి కిందికి ఒకసారి చూసి, మనసులో కూడుకుంటుంది. ఒకరోజు లిఫ్టు నిండిపోయి తలుపు మూసుకోబోతుంటే నాలుగో అంతస్తు సుధాకరరావు గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇంకొకరు పడతారు గానండి, మీరు పట్టరు రావుగారూ," అంది రాజమ్మ.

ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు. లెక్క అలా వచ్చింది, అంతే. సుధాకరరావు గారు లెక్క చెయ్యకుండా ఎక్కారు. లిఫ్టు కీచుమని అరిచింది, తలుపు మూసుకోలేదు, పన్నెండుమంది ఆయన ముఖంలోకి చూశారు. ఆయన దిగిపోయి మెట్లెక్కారు. మూడు నెలలు ఆమెతో మాట్లాడలేదు.

రాజమ్మ తాత టెక్కలి వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. తండ్రి రేవులో పనిచేశాడు. రాజమ్మ సింగపూర్‌లోనే పుట్టి, సింగపూర్‌లోనే డెబ్బయ్యో పడిలో పడింది. టెక్కలిని చూసింది ఒకే ఒక్కసారి. అయినా ఆమె తెలుగు తాత ఓడ దిగిన రోజున ఎలా ఉందో అలాగే నిలిచి, పైపైన కాస్త తమిళం, కాస్త మలయీ అద్దుకుంది. "పాసార్‌కెళ్ళి సేపలట్టుకొస్తాను, అలామక్, సంచీ మర్సిపోనాను" అని, బజారుకూ అయ్యయ్యోకూ మలయీ మాటలు కలిపి, ఒకే ఊపిరిలో అనగలదు.

బడిలో ఆమెకు లెక్కల్లో ఎదురు లేదు. పద్నాలుగేళ్ళకు బడి మానిపించి జురోంగ్‌లోని ప్లైవుడ్ ఫ్యాక్టరీలో పెట్టారు. అక్కడ చెక్కపలకల కట్టల పొడవూ వెడల్పూ మందమూ చూసి, ఓడలో అవి ఎంత చోటు తీసుకుంటాయో తేల్చాలి. సూపర్‌వైజరు కలం మూత తీసేలోపు రాజమ్మ జవాబు చెప్పేసేది. ఏడేళ్ళు అలా నడిచింది. ఒక సోమవారం అతని బల్ల మీదకు అరచేతంత క్యాలిక్యులేటరు వచ్చింది. "ఇంక నీకు శ్రమ లేదు రాజమ్మా," అన్నాడతను, మేలు చేస్తున్నాననే అనుకుని. ఆ మధ్యాహ్నమే ఆమెను ప్యాకింగులో వేశారు. ఆ తర్వాత పాతికేళ్ళు రాజమ్మ అట్టపెట్టెలకు టేపు అంటించింది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకునేది కాదు. చెప్పుకోవడానికి ఏముంది, చేతికి జీతం వచ్చింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు.

ఆమె భర్త గురునాథం ముప్పయ్యేళ్ళు బస్సు నడిపి రిటైరైనవాడు. డెబ్బయి నాలుగేళ్ళు. గొంతు గట్టిది, ఆకలి గట్టిది. ఒక్కటే బలహీనత: తాను నడిపితే ఏమీ కాదు గానీ, ఇంకెవరు నడిపినా కడుపులో తిప్పుతుంది. అందుకని నాలుగే స్టేషన్ల దూరమైనా ఎల్ఆర్టీ రైలు ఎక్కడు, ఎండలో నడిచి వెళతాడు.

అలాంటి గురునాథం ఒక ఉదయం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి ప్రకటించాడు.

"రాజీ, నాను అంతరిక్షంలోకి ఎల్తన్నాను."

"ఎలాగ, నడిసా?" అంది రాజమ్మ చేప తోముతూ.

సంగతేమిటంటే, కమ్యూనిటీ క్లబ్బులో పెద్దవాళ్ళ చేత నాటకం వేయిస్తున్నారు. రిహార్సలుకు వెళితే కాఫీ, కర్రీపఫ్ ఉచితం. గురునాథం కర్రీపఫ్ కోసం లోపలికి వెళ్ళి వ్యోమగామిగా బయటికొచ్చాడు. అతని గొంతు వినగానే డైరెక్టరు పిల్ల ఎగిరి గంతేసిందట. ఆడవాళ్ళు ఇంకా ఒకరు తక్కువయ్యారట.

"నీ పేరు ఇచ్చీసినాను," అన్నాడు. "నువ్వు కంప్యూటర్‌వి."

రాజమ్మ చేపను వదిలేసి ఇటు తిరిగింది. "అట్టపెట్టి తొడుక్కుని మూల నిలబడాలేటి? నాను రాను."

"అది కాదే, మనిసే కంప్యూటరంట. ఆ పిల్లనే అడుగు."

ఆ పిల్ల పేరు పే లింగ్. ఇరవయ్యారేళ్ళది, చక్రాల్లాంటి కళ్ళద్దాలు, ఎప్పుడూ చేతిలో ఒక ల్యాప్‌టాపు. ఆమె ఇంగ్లీషులో చెప్పిందీ, రాజమ్మ తన ఇంగ్లీషులో అడిగిందీ ఇక్కడ తెలుగులోనే చెప్పుకుందాం. అప్పట్లో కంప్యూటర్ అంటే యంత్రం కాదు ఆంటీ, ఉద్యోగం, అంది పే లింగ్. కూర్చుని లెక్కలు చేసే మనిషిని కంప్యూటర్ అనేవాళ్ళు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో, విమానాలకూ తర్వాత రాకెట్లకూ లెక్కలు కట్టే చోట, నల్లజాతి ఆడవాళ్ళను విడిగా ఒక హాల్లో కూర్చోబెట్టి ఆ పని చేయించారు. చదువులో ఎవరికీ తీసిపోనివాళ్ళు. అయినా గది వేరు, బాత్రూము వేరు, భోజనాల హాల్లో బల్ల కూడా వేరు. ఆ బల్ల మీద వాళ్ళ జాతి రాసి ఉన్న ఒక చిన్న బోర్డు.

"బల్ల మీద బోర్డా? ముందే చోప్ చేసి ఉంచారన్నమాట," అన్నాడు గురునాథం మెచ్చుకోలుగా. హాకర్ సెంటర్‌లో తినే బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పడేసి చోటు పట్టుకోవడంలో, అంటే చోప్ చెయ్యడంలో, అతనిది అందె వేసిన చెయ్యి. "మనం టిష్యూ పెడతాం, వాళ్ళకి ఏకంగా బోర్డే."

రాజమ్మే చెప్పింది, తెలుగులో, మెల్లగా.

"చోప్ కాదండీ. అక్కడ తప్ప ఇంకెక్కడా కూర్చోకూడదని."

గురునాథం కర్రీపఫ్ నమలడం ఆపాడు. "ఆ బోర్డు తీసి పారీలేకపోయారా?" అన్నాడు.

తీశారట. వాళ్ళలో ఒకావిడ ఆ బోర్డు తీసి చేతిసంచిలో వేసుకునేది. మళ్ళీ కొత్తది పెట్టేవాళ్ళు. మళ్ళీ తీసేది. చివరికి పెట్టేవాళ్ళే విసిగిపోయారు. నాటకంలో ఆ వేషం రాజమ్మ స్నేహితురాలు రొహానాకు వచ్చింది. రొహానా ఆ పాత్రలో ఎంత లీనమైపోయిందంటే, రిహార్సలు బోర్డులు మూడింటిని నిజంగానే ఇంటికి పట్టుకుపోయింది. నాలుగోదానికి పే లింగ్ తాడు కట్టింది.

నాటకం ఇంగ్లీషులో. అందులో పేర్లన్నీ కల్పించినవే. పలువురి జీవితాల్లోంచి తలా కాస్త తీసుకుని పే లింగ్ ఒక పాత్రను తయారుచేసి మిస్ రూత్ అని పేరు పెట్టింది. అదే రాజమ్మ వేషం. కానీ అందులో ముఖ్యమైన ఘట్టం మాత్రం నిజంగా జరిగినది. ఆ రోజు పే లింగ్ ల్యాప్‌టాపులో ఒక ఫోటో చూపించింది. కళ్ళద్దాలు పెట్టుకుని, బల్ల ముందు కూర్చున్న ఒకావిడ. పేరు కేథరిన్ జాన్సన్. పంతొమ్మిది వందల అరవై రెండులో ఒక వ్యోమగామి భూమి చుట్టూ తిరిగి రావడానికి బయలుదేరబోతూ, కొత్తగా వచ్చిన కంప్యూటర్ యంత్రం చెప్పిన అంకెల మీద నమ్మకం చాలక, ఆ అమ్మాయి చేత సరిచూపించండి, ఆమె సరేనంటే నేను సిద్ధం, అన్నాడట. ఆవిడ ఒకటిన్నర రోజు కూర్చుని అన్నీ సరిచూసింది. అంకెలు కలిశాయి. అతను వెళ్ళి, తిరిగి వచ్చాడు.

రాజమ్మ ఆ ఫోటోను చాలాసేపు చూసింది.

"యంత్రం వచ్చాక కూడా మనిషినే అడిగారా?" అంది.

"అడిగారు ఆంటీ."

"అయితే చేస్తాను."

మేకప్ చేసే కోటేశ్వరి మొదటి రిహార్సలుకే ముఖానికి తెల్లపౌడరు పట్టుకొచ్చింది. రాజమ్మది నలుపు. చిన్నప్పటి నుంచి పెళ్ళికైనా పండక్కైనా ఆమె ముఖానికి ఎవరో ఒకరు పౌడరు దట్టించకుండా వదిలింది లేదు. ఆమె ఆ డబ్బా మూత పెట్టి కోటేశ్వరి చేతికే ఇచ్చేసింది. "ఈ ఏషానికి వద్దమ్మా. ఉన్నదున్నట్టే సరిపోద్ది," అంది.

గొడవ నల్లబోర్డు దగ్గర వచ్చింది. వేదిక మధ్యలో పెద్ద బోర్డు ఉంటుంది. దాని మీద రాజమ్మ నలభై సెకన్లు లెక్క రాయాలి. పక్కన అట్టతో చేసిన యంత్రం, దానిలో ఒక టీవీ తెర. తెర మీద యంత్రం జవాబు పడుతుంది. రాజమ్మ అటు చూసి, "అంకెలు కలిశాయి. మీరు బయలుదేరవచ్చు," అనాలి. ఇదీ ఘట్టం. పే లింగ్ బోర్డు నిండా ఏవో త్రిభుజాలు, వర్గమూలాలు, బాణం గుర్తులు గీసి, ఇవి చూసి రాయండి ఆంటీ అంది.

"ఇది దేని లెక్క?"

"దేనిదీ కాదు ఆంటీ. జస్ట్ డెకరేషన్ లా," అంది పే లింగ్, సింగపూర్ వాళ్ళ అలవాటు కొద్దీ మాట చివర లా తగిలించి.

"అలంకారమా?" రాజమ్మ సుద్దముక్క కింద పెట్టింది. "బోర్డు మీద రాస్తే జనం చదవరా?"

"ఎవరూ చదవరు ఆంటీ."

"నేను చదువుతాను," అంది రాజమ్మ. "ఆవిడ ఒకటిన్నర రోజు కూర్చుని చేసిన పని. ఆవిడ పేరు చెప్పుకుని నేను పిచ్చిగీతలు గీయను."

పే లింగ్ బతిమాలింది. గురునాథం కసిరాడు. రొహానా మధ్యవర్తిత్వం చేసింది. చివరికి ఒప్పందం కుదిరింది: వచ్చే వారానికి రాజమ్మ నిజమైన లెక్క ఒకటి తెచ్చుకుంటే, నలభై సెకన్లలో అయిపోతే, అదే రాయొచ్చు.

నిజమైన లెక్క ఎక్కడ దొరుకుతుంది? ఆదివారం నాడు ఉపేంద్ర వచ్చాడు. ఉపేంద్ర ముప్పయ్యారేళ్ళ మనిషి, సోంపేట దగ్గరవాడు. భార్యాబిడ్డలు ఊళ్ళో ఉన్నారు. ఇక్కడ కట్టడాల పనిలో సర్వే చేస్తాడు: ముక్కాలిపీట మీద పరికరం పెట్టి, స్తంభం ఎక్కడ లేవాలో, రోడ్డు ఎక్కడ వంపు తిరగాలో కొలిచి చెప్పే పని. తన ఊరూ రాజమ్మ తాత ఊరూ ఒకే జిల్లావని తెలిసిన రోజు నుంచి, సెలవున్న ఆదివారమల్లా క్రాంజీ కార్మికుల డార్మిటరీ నుంచి బస్సెక్కి ఆమె చేపల పులుసుకు వచ్చేస్తాడు.

"ఆంటీ, రాకెట్టు లెక్కా?" ఉపేంద్ర ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. "నాను రోడ్డు కొలిసేవోణ్ణి."

"రోడ్డు వంపు తిరిగితే కొలవ్వేటి? ఇదీ వంపే. కాకపోతే తిరిగి తిరిగి బయల్దేరిన సోటికే వస్తాది."

ఉపేంద్ర ఆలోచించాడు. స్టీలు కంచాన్ని కాస్త ముందుకు జరిపి, పులుసు వేలితో మధ్యలో ఒక చుక్క పెట్టాడు. "ఈ కంచం భూమి అనుకోండి. నడిమి నుంచి అంచుకి ఆరువేల మూడొందల డెబ్బై కిలోమీటర్లు. ఆ పైన రెండొందల యాభై ఎత్తున రాకెట్టు. రెండూ కలపండి."

"ఆరువేల ఆరొందల ఇరవై."

"దాన్ని రెండింతలు సేసి, ఇరవై రెండు బై ఏడుతో..."

"నలభై ఒక్క వెయ్యి ఆరొందల పదకొండు," అంది రాజమ్మ. "సుట్టుకొలత. బళ్ళో సెప్పినారు. గంటకి ఎంత పరిగెడతాది?"

"ఇరవై ఎనిమిది వేల కిలోమీటర్లు ఏసుకోండి."

రాజమ్మ కళ్ళు మూసుకుంది. పులుసు గిన్నె మీద ఈగ వాలితే గురునాథం తోలాడు. "ఎనభై తొమ్మిది నిమిషాలు, సిల్లర," అంది ఆమె కళ్ళు తెరిచి. "గంటన్నర కూడా పట్టదు! ఇంటి నుంచి చాంగీ ఎయిర్పోర్టుకి ఎల్లి రావడానికి మీ అంకుల్‌కి ఇంతకన్నా ఎక్కువ పడతాది."

"అసలు దారి గుండ్రంగా ఉండదాంటీ, కోడిగుడ్డులాగ కొంచెం సాగుంటాది," అన్నాడు ఉపేంద్ర నిజాయితీగా. "ఏ సముద్రంలో దిగాలో తేల్చాలంటే ఇంకా సానా ఉంది. ఆవిడ సేసింది అదీ. మనది పిల్లల లెక్క."

"పిల్లల లెక్కైనా లెక్కే కదా," అంది రాజమ్మ, అతని కంచంలో ఇంకో ముక్క వేసి.

మరుసటి రిహార్సల్లో ఆమె ఆ లెక్కను ముప్పయ్యారు సెకన్లలో రాసేసింది. పే లింగ్ ఫోన్‌లో సరిచూసుకుని, తెర మీద పడే జవాబును 89 అని మార్చుకుంది. అందరూ సంతోషించారు.

నాటకం శనివారం మధ్యాహ్నం మూడింటికి. హాల్లో రెండు వందల కుర్చీలు. రెండింటికే ముందు వరసలన్నీ టిష్యూ ప్యాకెట్లతో నిండిపోయాయి. ఉపేంద్ర ఓవర్‌టైము వదులుకుని ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. సుధాకరరావు గారు మూడో వరసలో కూర్చున్నారు. రాజమ్మతో మాటలు లేకపోయినా ఆయనకు నాటకాలంటే ఇష్టం.

తెర వెనక గురునాథం రాకెట్టులోకి దిగాడు. రెండు ఫ్రిజ్ పెట్టెలు ఒకదాని మీద ఒకటి అతికించి వెండికాగితం చుట్టిన రాకెట్టు అది. ముఖం దగ్గర గుండ్రటి కిటికీ. కిందినుంచి కాళ్ళు కనిపిస్తాయి గానీ ముందు ఒక అట్టగోడ అడ్డం ఉంటుంది. అతను లోపలికి దూరాక వెనకవైపు టేపు వేసి మూసేస్తారు. నెత్తిన మోటారుసైకిలు హెల్మెట్టు. "కాఫీ తాగకండి," అని రాజమ్మ ఉదయం నుంచి చెబుతూనే ఉంది. గురునాథం రెండు కప్పులు తాగాడు. ఊరికే వస్తున్న కాఫీ.

మొదటి అరగంట పొల్లు పోకుండా నడిచింది. రొహానా బోర్డు తీసి సంచిలో వేసుకున్నప్పుడల్లా హాలు చప్పట్లతో మోగిపోయింది. తర్వాత ఆ ఘట్టం వచ్చింది. కిటికీలోంచి గురునాథం బస్సులో స్టేజీ పేరు అరిచినట్టు అరిచాడు: "ఆ అమ్మాయి చేత సరిచూపించండి! ఆమె సరేనంటే నేను సిద్ధం!"

రాజమ్మ బోర్డు దగ్గరికి నడిచింది. తెల్లచొక్కా, నల్ల స్కర్టు, కళ్ళద్దాలు. సుద్ద అందుకుని టకటకా రాసింది. కూడింది, గుణించింది, భాగించింది. 89 కింద గీత గీసి తెర వైపు తిరిగింది.

తెర మీద 98 ఉంది.

అనాల్సిన వాక్యం నాలుక చివరే ఉంది. అంకెలు కలిశాయి, మీరు బయలుదేరవచ్చు. కానీ అంకెలు కలవలేదే! మొదట ఆమెకు తన మీదే అనుమానం వచ్చింది. యంత్రం లెక్క తప్పదని యాభయ్యేళ్ళుగా వింటూ వచ్చిన మనిషి. డస్టరు తీసుకుని బోర్డు మొత్తం తుడిచేసింది. ఈసారి ఇంకో దారిన వచ్చింది: నిమిషానికి ఎంత దూరమో ముందు తీసి, దానితో భాగించింది. మళ్ళీ ఎనభై తొమ్మిదే.

ఇదంతా నాటకమే అనుకుని జనం చూస్తున్నారు. రాకెట్టులోంచి గుసగుస వినిపించింది. గురునాథం గుసగుస అంటే చివరి వరస దాకా వినపడుతుంది.

"రాజీ, సెప్పీయే."

"లెక్క కుదర్లేదండీ."

"కుదరకపోతే మానె. నాను ఎలిపోతాను."

"ఎలాగ ఎలిపోతారు? తొమ్మిది నిమిషాలు తేడా. అంటే నాలుగు వేల రెండొందల కిలోమీటర్లు. సింగపూర్‌లో దిగాల్సినోరు ఢిల్లీలో తేల్తారు."

"ఢిల్లీలో అయినా బాత్రూముంటాది కదే!"

హాల్లో తెలుగు తెలిసినవాళ్ళు పాతికమంది దాకా ఉంటారు. ఆ పాతికమందీ ఒక్కసారిగా పగలబడ్డారు. మిగతా నూట డెబ్బైమంది, నవ్వాల్సిన చోటేమోనని తామూ నవ్వారు. ఉపేంద్ర మాత్రం నవ్వలేదు. వేళ్ళమీద లెక్క వేసుకుంటున్నాడు.

పక్కనుంచి కార్యక్రమం నడిపే అబ్బాయి చేత్తో గడియారం చూపించాడు. ముఖ్య అతిథికి నాలుగింటికి సెంగ్‌కాంగ్‌లో ఇంకో కార్యక్రమం ఉంది. రాజమ్మ చూసింది. చూసి, సుద్ద పట్టుకునే వేదిక ముందుకు వచ్చింది. స్క్రిప్టులో లేని మాటలు తన ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

"మెషీన్ తొంభై ఎనిమిది అంటోంది. నేను ఎనభై తొమ్మిది అంటున్నాను. రెండుసార్లు చేశాను. లోపల కూర్చున్నాయన నా మొగుడు. ఎలా పంపమంటారు?"

జనం ఫోన్లు తీసి లెక్క కొట్టి చూశారు. ఎవరో వెనకనుంచి "ఆంటీ కరెక్ట్ లా!" అని అరిచారు. అప్పుడు మూడో వరసలో సుధాకరరావు గారు లేచి నిలబడ్డారు.

"ఆవిడ లెక్క తప్పదండీ," అన్నారు గంభీరంగా. "నాకు అనుభవం."

కార్యక్రమం అబ్బాయి వేదిక మీదికే వచ్చేసి, ఆంటీ, టైమ్, టైమ్, అన్నాడు.

"ఆ అమెరికా ఆవిడకి ఒకటిన్నర రోజు ఇచ్చారు," అంది రాజమ్మ. "నాకు పది నిమిషాలు ఇవ్వలేరా?"

ఆ మాటకు హాలు లేచి చప్పట్లు కొట్టింది. ముఖ్య అతిథి కూడా కొట్టి, వాచీ చూసుకోవడం మానేశాడు.

చప్పట్ల మధ్య పే లింగ్‌కు వెలిగింది. నిన్న సాయంత్రం చివరి వరసకు కనపడాలని అంకెలు పెద్దవి చేసింది. చేసేటప్పుడు మళ్ళీ కొట్టింది. కొట్టేటప్పుడు తిరగేసింది. ఆమె ల్యాప్‌టాపు మీద వాలింది. రెండు వందలమంది చూస్తుండగా తెర మీద ఎనిమిది చెరిగిపోయింది, తొమ్మిది చెరిగిపోయింది, ఖాళీ అయింది. మెల్లగా ఒక ఎనిమిది వచ్చింది. దాని పక్కన తొమ్మిది వచ్చింది.

పైకప్పు ఎగిరిపోతుందా అన్నంత కేకలు. రాజమ్మ తొందరపడలేదు. తెర చూసింది, బోర్డు చూసింది, మళ్ళీ తెర చూసింది. అప్పుడు రాకెట్టు వైపు తిరిగి, నిదానంగా, ఒక్కొక్క మాటే అంది.

"అంకెలు కలిశాయి. మీరు బయలుదేరవచ్చు."

పది నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. రొహానా పది అంది, తొమ్మిది అంది. ఎనిమిది దగ్గర రాకెట్టు లేచింది. పైకి కాదు, పక్కకి. ఖాకీ నిక్కరూ రబ్బరు చెప్పులూ వేసుకున్న రెండు కాళ్ళ మీద వేదిక మెట్లు దిగి, ముఖ్య అతిథి ముందునుంచి, నడవా వెంట, తలుపు తోసుకుని బయటికి దూసుకుపోయింది. వెనకాలే ఉపేంద్ర కత్తెర పట్టుకుని పరిగెత్తాడు. టేపు కొయ్యకపోతే మరి లాభమేముంది?

అంతా అయ్యాక పే లింగ్ ఏడుపు ముఖంతో రాజమ్మ దగ్గరికి వచ్చింది. సారీ ఆంటీ, నా తప్పే ఆంటీ, అంది. రాజమ్మ ఆమె చేతిలో కర్రీపఫ్ పెట్టి కుర్చీలో కూర్చోబెట్టింది.

"మెషీను తప్పు కాదు, కొట్టినవాళ్ళ తప్పు. ఫ్యాక్టరీలో కూడా ఇంతే," అంది. ఇంకేదో అడగాలని ఉన్నట్టు ఆగింది. "అవును గానీ, ఆ యంత్రాలొచ్చాక మిగతా వాళ్ళంతా ఏమయ్యారు? ప్యాకింగులో వేశారా?"

పే లింగ్‌కు ప్యాకింగు సంగతి తెలియదు. తెలిసినది చెప్పింది. వాళ్ళలో డొరొతీ వాన్ అనే ఒకావిడ, యంత్రాలు వస్తున్నాయని తెలియగానే, ఆ యంత్రానికి పని ఎలా చెప్పాలో ఆ భాష తానే నేర్చేసుకుంది. నేర్చుకుని తన దగ్గర పనిచేసే ఆడవాళ్ళకూ నేర్పింది.

"ఎవరు నేర్చుకోమన్నారు?"

"ఎవరూ అనలేదు ఆంటీ. తనే."

ఆ సోమవారం, ఆ బల్ల మీది అరచేతంత యంత్రం, దాన్ని తాను ఒక్కసారైనా ముట్టుకోకపోవడం, ఇవన్నీ రాజమ్మకు గుర్తొచ్చి ఉంటాయి. ముట్టుకోవచ్చా అని అడగాలని కూడా ఆమెకు అప్పుడు తోచలేదు. కోపం సూపర్‌వైజరు మీద వచ్చిందో, ఇరవై ఒక్కేళ్ళ తన మీద వచ్చిందో తెలియదు. ఇంటికి నడిచి వెళుతున్నంతసేపూ గురునాథం తన ప్రయాణం గురించి చెబుతూనే ఉన్నాడు. బ్లాకు కిందికి వచ్చాక రాజమ్మ ఆగి, "ఇప్పుడు నేర్పితే నాకు వస్తాదంటారా?" అంది.

"ఏటి?"

"ఆ యంత్రం భాష."

గురునాథం హెల్మెట్టు ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. యాభై రెండేళ్ళ కాపురంలో ఆమె తనను ఇలాంటి ప్రశ్న అడగడం ఇదే మొదలు. "నీకు రాకపోతే ఎవరికొస్తాది?" అన్నాడు. ఈసారి నిజంగానే గుసగుసగా అన్నాడు.

కొన్ని వారాలకు, ఉపేంద్ర ఫోన్‌లో ఫారం నింపిపెడితే, రాజమ్మ కోడింగు మొదటి మెట్టు కోర్సులో చేరింది. వారానికి రెండు ఉదయాలు, బిషాన్‌లో. తరగతిలో ఇరవైమంది. రాజమ్మ తర్వాత పెద్దవాడికి నలభై నాలుగేళ్ళు. పాఠం చెప్పే కుర్రాడు ఆమెను చూసి, ఫోన్‌లో ఫోటోలు దాచుకోవడం నేర్పే సీనియర్ల క్లాసు పై అంతస్తులో ఆంటీ, అన్నాడు మర్యాదగా. తెలుసు బాబూ, అది పోయినేడే అయిపోయింది, అని రాజమ్మ మొదటి బెంచీలో కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంది.

గుమ్మంలో గురునాథం ఇంకా నిలబడే ఉన్నాడు, చేతిలో ఆమె టిఫిన్ డబ్బా, మంచినీళ్ళ సీసా. ఎండలో నడవడానికి బిషాన్ మరీ దూరం కాబట్టి రైలెక్కాడు. ముఖం ఇంకా పాలిపోయే ఉంది.

"ఇంక ఎల్లండి," అంది రాజమ్మ చేత్తో సైగ చేస్తూ.

డబ్బా బల్ల మీద పెట్టి అతను బయటికి నడిచాడు. నడవాలో ఒక బెంచీ ఉంది. దాని మీద కూర్చుని, చల్లగాలి తగిలేలా కాళ్ళు చాపుకుని, పాఠం అయ్యేదాకా రెండు గంటలూ అక్కడే ఉన్నాడు.